పసుపు ట్రేలో రుమాలు మూట

సోమవారం
బస్సుల్లో జనం మరిచిపోయే వస్తువుల విభాగానికి నేను ఇన్‌చార్జిని. ఇన్నాళ్లూ ఏది ఏ మూల పడి ఉందో ఆ దేవుడికే తెలియాలి. ఇక చాలు. ఈరోజు నుంచి దొరికిన ప్రతి వస్తువూ ఆ సాయంత్రానికల్లా డేటాబేస్‌లోకి ఎక్కాల్సిందే. సేకరణ, పరిశీలన, వర్గీకరణ, నమోదు, ఆమోదం. మెట్టుకో రంగు ట్రే. ‘రికార్డు లేనిది వస్తువు లేనట్టే’ అని బోర్డు రాయించి గోడకు తగిలించాను. ఎంత ముచ్చటగా ఉందో!
మొదటి రోజే గొడుగులన్నీ ఎక్కేశాయి.

మంగళవారం
ఎక్కిన గొడుగులు దించేశాం. "మడత గొడుగు వేరు, కర్ర గొడుగు వేరు కదా సార్" అంది డేటా ఎంట్రీ అమ్మాయి. నిజమే. ముందు వర్గాలు తేలితే తర్వాతదంతా నల్లేరు మీద నడకే.
ఇంటికి వెళ్లేసరికి మామయ్యగారు నోరు మూసుకుని కూర్చున్నారు. దగ్గు వస్తోందని బస్సులో పళ్లసెట్టు తీసి, రుమాల్లో చుట్టి, సీటు మీద పెట్టి దిగిపోయారట. శనివారం ఆయనకు పాత విద్యార్థుల సన్మానం. మాట్లాడాలి.
"మీ ఆఫీసుకే వస్తాయిగా, తెచ్చిపెట్టండి" అంది మా ఆవిడ. చిటికెలో పని అన్నాను.

బుధవారం
డేటాబేస్‌లో వెతికాను. లేవు. అంటే దొరకలేదన్నమాట.
"ట్రేల్లో చూశారా?" అంది మా ఆవిడ. చదువుకున్న మనిషే. పద్ధతి అంటే ఏమిటో తెలియదు.

గురువారం
రికార్డులు: సున్నా. నా తప్పేం లేదు. రోజంతా వర్గాల కమిటీ. రుమాల్లో చుట్టిన వస్తువేదో వచ్చిందట, అది శరీర భాగాల్లోకి వస్తుందా, పరికరాల్లోకి వస్తుందా అని పీటముడి పడింది. వస్తువేమిటని నేను అడగలేదు. అడిగితే పక్షపాతం వస్తుంది. పసుపు ట్రేలో ఉంచి, పై ఆఫీసుకు రాయమన్నాను.

శుక్రవారం
పై ఆఫీసు నుంచి ఉలుకూ పలుకూ లేదు. నెట్ లేదు. డేటా ఎంట్రీ అమ్మాయికి జలుబు. ట్రేలు నిండి కొత్తగా వచ్చినవి అట్టపెట్టెల్లోకి దిగాయి. టీ తాగాను. మళ్లీ తాగాను.
ఇంట్లో మామయ్యగారు అద్దం ముందు ప్రసంగం అప్పజెప్పుకుంటున్నారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. జాలేసింది.

శనివారం
సభకు వెళ్తూ మామయ్యగారు, మా ఆవిడ ఆఫీసుకు వచ్చారు. ఆవిడ నన్ను పలకరించకుండానే, వాళ్ల నాన్నగారి రుమాలు గుర్తుపట్టి, పసుపు ట్రేలో చెయ్యి పెట్టి మూట విప్పింది. పళ్లసెట్టు! అయినా పద్ధతి పద్ధతే.
"వర్గీకరణ కాలేదు మామయ్యగారూ. పైగా ఆమోదించాల్సింది నేను, మీకు బంధువుని. ఇప్పుడు ఇవ్వడం కుదరదండీ" అన్నాను.
ఆయన పళ్లసెట్టును కుళాయి కింద కడిగి, పెట్టుకుని, గోడమీది బోర్డు నింపాదిగా చదివారు.
"అల్లుడుగారూ, రికార్డు లేదుగా. లేని వస్తువు పట్టుకుపోతే మీకేం పోయింది?"
ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించింది. సభకు నన్ను రమ్మని ఇద్దరూ అనలేదు.

ఆదివారం
మా ఆవిడ మాట్లాడటం లేదు. ఆలోచించాను. లోపం ఎక్కడుందో దొరికింది: మెట్లు చాలలేదు. రేపట్నుంచి ఇంకోటి. ‘ఇంటివాళ్లది కాదని ధ్రువీకరణ’. దానికి ట్రే కొనాలి, రంగు తేలాలి.
నిన్న మామయ్యగారు రుమాలు ఆఫీసులోనే మరిచిపోయి వెళ్లారు. రేపు మొట్టమొదట ఎక్కించేది దాన్నే. బట్టల్లోకి వస్తుందా, సంచుల్లోకి వస్తుందా అన్నది పొద్దున్నే కమిటీ తేలుస్తుంది.