ఆడచేయి తగలని జాడీ

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఒంటరిగా ఉండే నేను క్యాబేజీ, ముల్లంగి సన్నగా తరిగి, ఉప్పూ ఆవపిండీ కలిపి నీలాగే జాడీలో ఊరబెట్టాను. ఆడచేయి తగలలేదు. అయినా బూజు పట్టింది. ముక్కలు ఊరిన ఉప్పునీటిపైకి తేలితే బూజు పడుతుందని నువ్వెన్నోసార్లు చెప్పావు. నీ అత్తగారు మాత్రం, బూజు పట్టినప్పుడల్లా, నెలసరిలో జాడీ ముట్టావంటూ నిన్ను వాకిట్లో నిలబెట్టి తిట్టేది.

ఈ ఉదయం ఆ జాడీని ఇల్లందులోని నీ అత్తగారింటికి తీసుకెళ్లి, ఆమె ముందు మూత తీశాను.

"ఏ ఆడది ముట్టింది?" అంది.

"ఎవరూ ముట్టలేదత్తా. నేనే పెట్టిన."

ఆమె లోపలికి తొంగిచూసింది. "అవ్, మీ ఇంటి చేతులే గట్లుంటయ్. నీ అక్కదీ గంతే."

నీ మీది నింద చెరపాలని వెళ్లి, అందులో నా వాటా తెచ్చుకున్నాను.

నీ తమ్ముడు