వెదురు మోడుకు చీలిన టైరు

మంగళవారం, మన్ననూర్

ఇవాళ సఫారీలో కొత్త టైరు పక్క నుంచి చీలిపోయింది. నరికిన వెదురు మోడు గుచ్చుకుంది. నేను నడిపే జీపు తారు రోడ్డు ఎక్కదు, అడవి బాటలోనే తిరుగుతుంది. అందుకే కొనేటప్పుడే వనపర్తి దుకాణంలో టైరు పక్కను బొటనవేలితో నొక్కి చూసి జీపు యజమానికి చెప్పాను: "సేటూ, సైడు మెత్తగున్నది, వెదురుకు ఆగదు."

సేటు నవ్వాడు. "కింద గీతలు చూడు, ఎంత లోతున్నయో! టూరిస్టుల ఫొటోలల్ల మస్తు కనవడ్తది."

సాయంత్రం అడవి గేటు దగ్గర సేటు టూరిస్టుల ముందే నన్ను తిట్టాడు. "పదేండ్లసంది గిదే తొవ్వ. మోడు కనవడలేదా నీకు?"

దుకాణంలో బొటనవేలితో నొక్కి చెప్పిన సంగతి నేను ఎత్తలేదు. ఎత్తితే రేపు జీపు ఇంకొకడు నడుపుతాడు.

ఒక టూరిస్టు చీలిన టైరును ఫొటో తీసి నాకు చూపించాడు. సేటు చెప్పింది నిజమే. మస్తు కనబడింది.