సూదికి తోడు రమ్మన్నాను

ఆదివారం రాత్రి, చైతన్యపురి గది. రేపు మళ్లీ తెలంగాణ బంద్.

పొద్దున మస్కట్ నుంచి అన్న ఫోన్ చేశాడు. వీసా రెన్యువల్‌కు రక్తం తీసి, రిపోర్టు చేతిలో పెట్టి పంపారట. మా ఇంట్లో బీఎస్సీ చదివిన మహావైద్యుణ్ణి నేనే కనుక చదివి వినిపించాడు. హెపటైటిస్ బి, పాజిటివ్.

"అంటే ఏందిరా?"

"వైరస్ ఇప్పుడు ఒంట్ల ఉన్నదన్నా. లివర్ ఎట్లున్నదో ఇంకో టెస్టు చేస్తే గానీ తెల్వది. వదినకు గూడ టెస్టు చేయించాలె."

"దానికెందుకు?"

"మొన్న సెలవుకొచ్చి పోయినవ్ గదా. నీ నుంచి ఆమెకు, ఆమె నుంచి కడుపుల బిడ్డకు అంటొచ్చు. ముందే తెలిస్తే పుట్టంగనే టీకా ఏపిస్తం."



"వద్దురా. నేను గీడ ఎట్ల తిరిగిన్నో అనుకుంటది. ఇజ్జత్ పోతది."

పెట్టేశాడు. అన్న ఇజ్జత్ ఒకవైపు, ఇంకా పేరైనా లేని మనిషి ఒకవైపు. తీర్పు చెప్పాల్సిన ధర్మప్రభువు లుంగీలో కూర్చుని గోళ్లు కొరుక్కున్నాడు.

సాయంత్రం ఎల్‌బీ నగర్‌లో అన్న ఇంటికి వెళ్లాను. వదిన బత్తాయి ఒలుస్తోంది.

"వదినా, ఉద్యోగానికి రక్తపరీక్ష అడిగిండ్రు. నాకు సూదంటే భయం. ఎల్లుండి తోడు రా. నువ్వు గూడ రక్తమిస్తే నాకు ధైర్యం."

నా చెత్త జోకులన్నిటికీ నవ్వే మనిషి, నవ్వలేదు. బత్తాయి పక్కన పెట్టింది.

"తమ్మీ, మీ అన్నకేమైంది?"

"రేపు బంద్ గదా వదినా, జల్ది పోవాలె" అని లేచి వచ్చేశాను.

ఎల్లుండి తప్పించుకోడానికి బంద్ ఉండదు.