ఫొటోలో ఆ తెల్ల మసకను తుడవకు

అమ్మలూ,

సంచి సర్దుతూనే రాస్తున్నాను. "రెండు రోజులకి ఇంత సంచా అమ్మా?" అని మీ అత్త కింద కారులోంచి కేకేస్తోంది. నా కంటి ఆపరేషన్ రేపు పొద్దున్నేనట. పాలు కాచి పెట్టాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. వెనక తలుపు గడియ వేసి, వేశావో లేదో మళ్లీ ఓసారి చూసుకో.

నువ్వు బాగుచేస్తున్న మా పాత ఫొటోని ఇందాక కంప్యూటర్‌కి ముక్కు ఆనించి మరీ చూశాను. చిరుగు ఎక్కడుండేదో నాకే తెలియలేదు. మా నాన్న ముఖంలో చిరాకు కూడా ఉన్నదున్నట్టు వచ్చింది. కానీ నా పక్కన తెల్లగా అలికినట్టుండే మసకని తడి మరక అనుకుని తుడిచేసి, అక్కడ గోడ నింపేశావు. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, తప్పు నీది కాదు. అది మరక కాదే తల్లీ, మా చెల్లి. "కదలకు పాపా" అని ఫొటో తీసేవాడు మొత్తుకుంటున్నా వినకుండా తెల్ల గౌను పట్టుకుని గిర్రున తిరిగింది. దానిది ఇంకో ఫొటో లేదు. ఆ మసకని ఉన్నదున్నట్టే మళ్లీ పెట్టు. ముఖం మాత్రం ఊహించి గీయకు. కట్టు విప్పాక నాకు మొదట అదే చూపించాలి.

నానమ్మ

చెల్లెలి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. ఆ ఫొటో తీసిన ఏడు వేసవి సెలవులకి మా పిన్ని దాన్ని వాళ్లింటికి తీసుకెళ్లింది. అక్కడ జ్వరం తగిలింది. సెలవులయ్యాక మేమంతా బడికి వెళ్లాం. మా చెల్లి తిరిగి రాలేదు.