పదిహేడో నంబరు

మంగంపేట.

చెల్లెలు మహిమకు అన్న యేసుప్రసాద్ ప్రభువు నామంలో వందనాలతో రాసేది. మీ వదిన, పిల్లలు, నేను క్షేమం. కర్నూలులో నువ్వూ బాగున్నావని తలుస్తాను. నేను ఫోను ఎత్తడం లేదని ఉత్తరం రాశావు. అందులో దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ఇప్పుడు గని గేటు దగ్గర లారీలకు చీటీలు రాసే పనిలో పెట్టారు.

పోయిన ఆదివారం పాస్టరుగారు యూనివర్సిటీ వెబ్‌సైటులో నీ గురించి ఉన్నదంతా సంఘానికి చదివి వినిపించారు. ఎం.ఏ., ఎం.ఫిల్., పిహెచ్.డి., ఆర్థికశాస్త్రంలో ప్రొఫెసరు, ముగ్గురాయి గని కూలీల జీతాల మీద, వాళ్లిళ్లలో మధ్యలో ఆగిపోయే చదువుల మీద పరిశోధన. నీ పుస్తకం ‘నా కోసం చదువు మానుకున్న అన్నకు’ అంకితమని కూడా చదివారు. అందరూ నా వైపు తిరిగి దేవునికి స్తోత్రం అన్నారు. నాకు కడుపు మండింది. దుమ్ము తినేది మేము, పేరు నీకు.

నీ సర్వేలో నన్ను అడగనందుకు కోపమా అని రాశావు. సొంతవాళ్లను అడగకూడదనేది మీ పద్ధతట. నాతో పాటు పార పట్టిన రబ్బానీకి ఆ పద్ధతి తెలియదు. టీ కొట్టు దగ్గర కూర్చుని, “మీ చెల్లెలు నన్ను శానాసేపు అడిగిందప్పా. నా మాటలు పుస్తకంలో ఎక్కుతాయంట. నిన్నేం అడగల్యా?” అంటాడు. నెలంతా వాడితో మాట్లాడలేదు.

మహిమా, ఒక తప్పు చేశాను. ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. సర్వేకని నువ్వు పంపిన నీ స్టూడెంటు యామిని గేటు దగ్గరికి వచ్చిన రోజు, మారెన్న అని పేరు చెప్పి ఆమె ముందు కూర్చున్నాను. ఆ పిల్లకు నేనెవరో తెలియదు. సర్వే కాగితం మీద నాకు పదిహేడో నంబరు వేసుకుంది.

“చదువు ఎందుకు నిలిపేస్తివన్నా?” అని అడిగింది.

పేరు నాది కాదు కదా, నిజం చెప్పేశాను. “పదిలో లెక్కలు తప్పినా. అదే ఏడు మా చెల్లెలు బడికంతా ఫస్టు వచ్చె. ఆ పిల్ల ఉండే బడికి మళ్లా పోలేకపోతి. ఓర్వలేకనే గనికొచ్చినా.”

నీ కోసం మానుకున్నానని అమ్మానాన్న అనుకున్నారు, నువ్వూ నమ్మావు. ఇరవై ఆరేళ్లుగా నేను కాదనలేదు. నీ ముందు నాకున్న గొప్ప అదొక్కటే.

ఆ కాగితం తీసెయ్యి, లేకపోతే నీ సర్వే తప్పవుతుంది. తీసే ముందు ఒకసారి చదువు. అందులో పేరొక్కటే అబద్ధం. పుస్తకం మళ్లీ అచ్చు వేసేటప్పుడు ఆ అంకితం కూడా కొట్టెయ్యి. నాకు కష్టంగానే ఉంటుంది. అయినా కొట్టెయ్యి.

ఇట్లు,
లెక్కలు తప్పిన మీ అన్న,
యేసుప్రసాద్