ముళ్ళచెట్టుకు నీళ్ళొద్దు

అత్తా,

కావలి బస్సు వచ్చేసింది, నిన్ను లేపలేదు. ట్రైనింగ్ అయిపోయి ఆదివారం ఆరాధన టయానికి వచ్చేస్తాను. కిటికీలో ఉండే ముళ్ళచెట్టుకు నేను వచ్చిందాకా చుక్క నీళ్ళు పోయబాక. దానికి ఎండ చాలు. పోయినసారి చెట్టు ఎండిపోతుందని నువ్వు రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోసినావు, మొదలు కుళ్ళి చచ్చిపోయింది. నాకు ఏడుపొచ్చింది గానీ నీమీద కోపం రాలేదు. కామెర్లప్పుడు అడక్కుండానే పూటపూటకీ మజ్జిగ తాపి నన్ను లేపింది ఆ నీళ్ళు పోసిన చెయ్యే కదా.

ఇంట్లో ముళ్ళుంటే కొట్లాటలొస్తాయని పక్కింటి సుబ్బరత్నమ్మ అంటే, "కొట్లాడేదానికి మాకు తీరికేడుండాది?" అన్నావంట. ఆ మాటతోనే ఇంకో ముళ్ళచెట్టు తెచ్చుకునే ధైర్యం వచ్చింది.

షైనీ

నీ చెయ్యి ఊరుకోకుంటే, దానికి పోసే గ్లాసు నీళ్ళతో నీ బీపీ మాత్ర వేసుకో.