వెల్లకిలా పడ్డ కప్ప

ప్రియమైన అక్కా,

ఆదివారం భోజనాల దగ్గర నేను బావ మీద కుళ్ళుతో మాట్లాడానని అమ్మ అందరికీ చెబుతోందట. ఆయన ఇప్పించిన ఉద్యోగంలో చేరి ఆయనకే వంకలు పెడుతున్నాననీ, చదువు నెత్తికెక్కిందనీ. నేనన్నది ఒక్కటే మాట: కప్పలు బాగాలేవని. అందులో బావ ఎక్కడున్నాడు? ఫోన్ చేస్తే పక్కనే ఆయన చెవి ఉంటుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

బావ నడిపే మా కప్పల కేంద్రంలో, లోపలి గదిలో నలభై గాజుతొట్లున్నాయి. కొండవాగులో ఈ జాతి కప్పలు పట్టుమని వంద కూడా మిగల్లేదు. అందుకే ఇక్కడ గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచుతున్నాం. మూడు వారాల్లో రెండు వందల పిల్లకప్పల్ని బావ చేతుల మీదుగా ఆ వాగులో వదలాలి. అయితే ఏడో తొట్టిలో కప్పలు నీళ్ళలోకి దిగడం మానేశాయి. రాతి మీద కాళ్ళు చాపేసి పడి ఉంటున్నాయి. ఒంటి మీది చర్మం పొరలు పొరలుగా ఊడి నీళ్ళలో తేలుతోంది. నిన్న ఒకదాన్ని వెల్లకిలా తిప్పాను. ఒంట్లో బాగున్న కప్పయితే రెప్పపాటులో తిరగబడుతుంది. ఇది అలాగే పడుకుని నన్ను చూసింది.

నీ చెల్లి

*

ప్రియమైన మొండిఘటానికి,

అమ్మ నోరు నీకు కొత్తా? వదిలెయ్. మీ బావని అడిగాను. కప్పన్నాక చర్మం వదలదా అన్నారు. "మీ చెల్లెలికి కప్ప ఆవులించినా జబ్బే" అని ఒకటే నవ్వు.

ఆయనకి వాటి మీద ఎంత ప్రాణమో నీకేం తెలుసు? కిందటి నెల పాప పుట్టినరోజుకి బజారులో ఎర్రకళ్ళ కప్పని కొనుక్కొచ్చారు. పొద్దున్న కాఫీ కూడా తాగకుండా దానికి కీచురాయిని అందించి, తొట్టి చేత్తో కడిగి, అట్నుంచి అటే మీ దగ్గరికి బయల్దేరతారు. అలాంటి మనిషి మీ కప్పల్ని గాలికొదిలేస్తాడా?

ఈ ఒక్క పని సవ్యంగా జరిగితే ఆయన డైరెక్టరు అవుతారు. అప్పటిదాకా కాస్త నోరు కట్టేసుకో తల్లీ.

మీ అక్క

*

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం నిలబడి చదివాను. మళ్ళీ కూర్చుని చదివాను.

బజారు కప్పలు ఎక్కడెక్కడివో ఒకే పెట్టెలో కుక్కి తెస్తారు. వాటి చర్మానికి ఒక బూజు పడుతుంది. కప్ప నీళ్ళు తాగేది చర్మంతోనే, సగం ఊపిరి పీల్చేదీ దాంతోనే. ఆ చర్మం మందమెక్కితే చివరికి గుండె ఆగిపోతుంది. ఆ బూజు మరో చోటికి పోవడానికి తడి చెయ్యి చాలు, చెప్పుల కింద బురద చాలు. ఇంట్లో కప్పల్ని పెంచేవాళ్ళు లోపలి గదిలో అడుగు పెట్టకూడదని మా తలుపు మీద కాగితం ఉంది. రాసింది బావే, అంటించిందీ ఆయనే.

తోకకప్పలు నోట్లో ఈ బూజు పెట్టుకుని కూడా హాయిగా ఈదుతాయి. కాళ్ళొచ్చి ఒడ్డెక్కాకే కూలిపోతాయి. మిగతా తొట్లు బాగానే ఉన్నాయంటే నాకు నమ్మకం కుదరనిది అందుకే.

ఈ కవరులో దూదిపుల్లా గొట్టమూ పెట్టాను. గ్లవ్స్ వేసుకుని, మీ కప్ప పొట్ట మీదా తొడల మీదా పుల్లతో పదేసిసార్లు రుద్ది, గొట్టంలో పెట్టి పరీక్షకి పంపించు. బావకి చెప్పకు.

నీ చెల్లి

*

చిట్టితల్లీ,

నీ ఉత్తరం వచ్చేసరికే కప్ప చచ్చిపోయింది. పారిపోయిందని పాపకి చెప్పి, మీ బావ దాన్ని కవరులో చుట్టి ఫ్రీజరు అడుగున పెట్టారు. "మీ చెల్లెలికి చెప్పావో, ఊరుకోను" అన్నారు. ఆయన నాతో ఆ గొంతుతో మాట్లాడటం ఇదే మొదటిసారి.

అప్పట్నుంచి చెప్పులు గుమ్మం బయటే విడుస్తున్నారు. వాటి మీద మరిగే నీళ్ళు పోస్తున్నారు. ఎందుకండీ అంటే కసురుతున్నారు. చేతులు కడిగీ కడిగీ వేళ్ళ సందులు పగిలిపోయాయి.

చచ్చినదాన్నే రుద్దాను. ఎందుకు చేశానో నన్నడక్కు. పుల్ల ఇందులోనే ఉంది. ఏం తేలినా నాకొక్కదానికే చెప్పు, నా మీద ఒట్టు. ఆయన ఉద్యోగం పోతే ఈ ఇల్లూ పోతుంది, పాప బడీ పోతుంది.

మీ అక్క

*

ప్రియమైన అక్కా,

మీ కప్పలో బూజు ఉంది. ఏడో తొట్టిలో ఉంది. అన్ని తొట్లూ పరీక్ష చేశాను. నలభైలో పంతొమ్మిదింట్లో ఉంది, వదలాల్సిన పిల్లలతో సహా.

కాగితాలు బావ ముందు పెట్టాను. ఆశ్చర్యపోలేదు.

"సోమవారం వాగులో వదలడం కానీ. తర్వాత మందు పెడదాం" అన్నాడు.

"వాగుకి పెడతావా బావా మందు?"

"అంత పారే నీళ్ళలో ఏదైనా కలిసిపోతుందే పిచ్చిదానా. నువ్వు మా ఇంటి పిల్లవి, అది గుర్తుంచుకో."

వాగులో మిగిలిన ఆ వందనీ తప్పించి పెట్టడానికి ఇంకో గది లేదక్కా.

లోపలి గదికి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరుంది. సోమవారం ఒక్క పిల్లకప్ప కూడా బయటికి వెళ్ళదు. పొద్దున రిపోర్టు పై ఆఫీసుకి పంపేశాను. బూజు ఎవరింటి కప్ప నుంచి వచ్చిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రాశాను. చచ్చిన కప్పని రుద్ది పంపింది నువ్వేనని కూడా రాశాను.

నీ చెల్లి